యూనిట్ లెక్క: వేడెక్కిన తీగ నుంచి గోడ మీటరు దాకా

విద్యుత్ వలయంలో ఒక నిరోధం ఎంత సామర్థ్యాన్ని తీసుకుంటుందో చెప్పడానికి ఇవాళ పదో తరగతి విద్యార్థికి ఒక్క గుణకారం చాలు. నిరోధం రెండు కొనల మధ్య ఉన్న వోల్టేజిని అందులో పారే ప్రవాహంతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఆ వాట్లను కాలంతో గుణిస్తే ఖర్చయిన శక్తి వస్తుంది. వోల్టేజి తెలియనప్పుడు ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణించవచ్చు. ప్రవాహం తెలియనప్పుడు వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించవచ్చు. జవాబు మారదు. పాఠ్యపుస్తకంలో పావు పేజీ పట్టే ఈ విషయం తేలడానికి 1826 నుంచి 1889 వరకు అరవై ఏళ్లు దాటాయి. ఈ లెక్క ప్రయోగశాల దాటి వచ్చి, కరెంటు అమ్మేవారికీ కొనేవారికీ ఒకే అంకె చూపించే మీటరుగా మారడం ఆ చరిత్రలో చివరి ఘట్టం. బిల్లు కట్టే జనానికి ముఖ్యమైనది కూడా అదే.

1820లలో కరెంటుకు ఆధారం వోల్టా దొంతర. రాగి, జింకు బిళ్లల మధ్య ఉప్పునీటిలోనో ఆమ్లంలోనో తడిపిన గుడ్డముక్కలు పెట్టి పేర్చేవారు. తీగ కలపగానే ప్రవాహం జోరుగా మొదలై కాసేపటికే నీరసించేది. అలాంటి ఆధారంతో కచ్చితమైన కొలత సాధ్యం కాదు. జర్మనీలోని కొలోన్ నగరంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిగా ఉన్న గేయోర్గ్ సైమన్ ఓమ్ 1825లో ప్రచురించిన తొలి ఫలితాలు సరిగా రాకపోవడానికి కారణం ఇదే. పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఆయనకు ఒక సలహా ఇచ్చాడు: దొంతర వదిలేసి, రెండు లోహాల అతుకుల మధ్య ఉష్ణోగ్రత తేడాతో పుట్టే కరెంటును వాడమన్నాడు. ఓమ్ బిస్మత్ కడ్డీకి రెండు వైపులా రాగి అతికించి, ఒక అతుకును మరిగే నీటిలో, రెండోదాన్ని కరిగే మంచులో ఉంచాడు. నీరు మరిగే వేడి, మంచు కరిగే చలి స్థిరంగా ఉంటాయి కాబట్టి వలయాన్ని నడిపే బలమూ స్థిరంగా నిలిచింది.

ఆ తర్వాత ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలను ఒక్కొక్కటిగా వలయంలో పెట్టాడు. అన్నిటికంటే పొట్టిది 2 అంగుళాలు, పొడవైనది 130 అంగుళాలు. తీగ పైన వేలాడదీసిన అయస్కాంత సూది పక్కకు తిరిగితే, దాన్ని మళ్లీ మొదటి చోటికి తేవడానికి వేలాడే పట్టీని ఎంత మెలితిప్పాలో చూసి ప్రవాహాన్ని కొలిచాడు. అంకెలన్నీ ఒకే రూపంలో ఒదిగాయి: ఒక స్థిరసంఖ్యను, తీగ పొడవుకు ఇంకో స్థిరసంఖ్య కలిపిన మొత్తంతో భాగించాలి. పైనున్న సంఖ్య వలయాన్ని నడిపే బలం. కింద కలిపిన సంఖ్య తీగ కాక మిగతా వలయపు నిరోధం. నేటి పుస్తకాలు అంతర్నిరోధం అని చెప్పేది ఇందులోనే ఉంది. ఓమ్ గొప్పతనం సూత్రంలో కంటే ఆ మరిగే నీళ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది. కదలని ఆధారం దొరికాకనే నియమం బయటపడింది.

1827లో బెర్లిన్‌లో అచ్చయిన ఆయన పుస్తకానికి సొంత దేశంలో చల్లటి ఆదరణే దక్కింది. ప్రకృతిని ఇలా గణితంలో బిగించడం తప్పని విమర్శించినవారూ ఉన్నారు. ఓమ్ కొలోన్ ఉద్యోగం వదులుకుని కొన్నేళ్లు ఇబ్బందులు పడ్డాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాకగాని పేరు నిలబడలేదు.

ఓమ్ నియమం ప్రవాహాన్ని చెబుతుంది గాని ఆ ప్రవాహం ఎంత పని చేస్తుందో, ఎంత వేడి పుట్టిస్తుందో చెప్పదు. ఆ ప్రశ్నను పట్టుకున్నది ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో బీరు తయారీదారు కొడుకు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. ఆయన మొదటి ఆసక్తి వ్యాపారానికి దగ్గరిది: ఆవిరి యంత్రం బదులు బ్యాటరీతో తిరిగే మోటారు గిట్టుబాటు అవుతుందా అని. లెక్క నిరాశపరిచింది. బ్యాటరీలో ఒక పౌను జింకు కరిగి చేసే పని, కార్న్‌వాల్ గనుల్లోని మేటి ఆవిరి యంత్రంలో ఒక పౌను బొగ్గు చేసే పనిలో నాలుగో వంతు కూడా లేదు. పైగా జింకు ధర బొగ్గు కంటే ఎన్నో రెట్లు. మోటారు ఆశ వదులుకున్నా, ఖర్చుకు ఎంత ఫలితం అని అడిగే అలవాటు జౌల్‌ను వదల్లేదు. శక్తి లెక్కకు పునాది పడింది ఆ అలవాటు మీదే.

1840లో, ఇరవై రెండేళ్లు నిండక ముందే, జౌల్ ఒక తీగను గాజు గొట్టం చుట్టూ చుట్టి నీళ్ల జాడీలో ముంచాడు. ప్రవాహాన్ని గాల్వనామీటరుతో, నీటి వేడిని సున్నితమైన ఉష్ణమాపకంతో చూశాడు. ఒకే ప్రవాహం వేరువేరు తీగల గుండా పోయినప్పుడు, నీటికెక్కిన వేడి ఆ తీగల నిరోధాల నిష్పత్తిలోనే ఉంది. అదే తీగలో ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలైంది, మూడింతలైతే తొమ్మిదింతలు. ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో, కాలంతో గుణిస్తే వేడి వస్తుందన్న ఈ ఫలితం 1841లో వివరంగా అచ్చయింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హైన్రిక్ లెంజ్ విడిగా చేసిన ప్రయోగాలూ 1842లో ఇదే తేల్చాయి. రష్యా పుస్తకాల్లో ఈ నియమానికి ఇద్దరి పేర్లూ ఉండటం న్యాయమే.

చాలా ఇళ్లలో బకెట్‌లో పెట్టే వాటర్ హీటర్ రాడ్డు జౌల్ ప్రయోగానికి నేటి రూపం. 230 వోల్టుల దగ్గర 1500 వాట్ల రాడ్డు అంటే దాని నిరోధం 230 వర్గాన్ని 1500తో భాగించగా వచ్చే 35.3 ఓములు. పారే ప్రవాహం 6.5 ఆంపియర్లు. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే సుమారు 12.56 లక్షల జౌళ్లు కావాలి. సెకనుకు 1500 జౌళ్ల చొప్పున ఇచ్చే రాడ్డుకు అందుకు 840 సెకన్లు, అంటే 14 నిమిషాలు పడుతుంది. బకెట్ గోడల నుంచీ పైనుంచీ పోయే వేడిని కలుపుకుంటే ఇంకో నిమిషమో రెండో.

ఒకే నిరోధం ఉన్న వలయానికి ఈ లెక్క చాలు. కొమ్మలు చీలి, మళ్లీ కలిసే వలయాలకు దారి చూపింది గుస్టావ్ కిర్కాఫ్. 1845లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగానే ఆయన రెండు నియమాలు చెప్పాడు. ఏ కూడలిలోనైనా వచ్చే ప్రవాహం, పోయే ప్రవాహం సమానం. ఏ చుట్టు తిరిగి వచ్చినా వోల్టేజిల పెరుగుదల, తరుగుదల సరిపోవాలి. సమాంతర సంధానంలో అన్ని నిరోధాలకూ వోల్టేజి ఒకటే కాబట్టి తక్కువ నిరోధానిదే ఎక్కువ సామర్థ్యం. శ్రేణి సంధానంలో ప్రవాహం ఒకటే కాబట్టి ఎక్కువ నిరోధానిదే పైచేయి. 230 వోల్టులకు తయారైన 100 వాట్ల బల్బు నిరోధం 529 ఓములు, 40 వాట్ల బల్బుది 1322.5 ఓములు. ఈ రెంటినీ ఒకదాని వెనక ఒకటి కలిపి అదే 230 వోల్టులు ఇస్తే మొత్తం నిరోధం 1851.5 ఓములు, ప్రవాహం 0.124 ఆంపియర్లు. అప్పుడు 40 వాట్ల బల్బు 20 వాట్ల పైచిలుకు తీసుకుంటే 100 వాట్ల బల్బుకు దక్కేది 8 వాట్లే. ఫిలమెంటు చల్లబడితే నిరోధం తగ్గుతుంది కాబట్టి నిజమైన బల్బుల్లో అంకెలు కొంత మారతాయి. చిన్న బల్బే ప్రకాశవంతంగా వెలగడం మాత్రం మారదు.

నియమాలు కుదిరినా కొలతలకు అందరూ ఒప్పుకున్న ప్రమాణాలు లేవు. ఒక్కో దేశంలో ఒక్కో తంతి సంస్థకు సొంత నిరోధపు తీగ ఉండేది. సముద్రగర్భపు తంతి తీగల్లో లోపం ఎక్కడుందో దూరం నుంచే లెక్కగట్టాలంటే నిరోధానికి ఒకే కొలత కావాలి. భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ చొరవతో 1861లో బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రజ్ఞుల సంస్థ ఒక సంఘాన్ని వేసింది. ఆ కృషి మీద ఆధారపడి 1881 పారిస్ అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ఓమ్, వోల్ట్, ఆంపియర్, కులూంబ్, ఫారడ్‌లను ఆమోదించింది. సామర్థ్యానికి మాత్రం అప్పటికి పేరు లేదు. 1882లో సౌతాంప్టన్‌లో బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్ష ప్రసంగంలో విలియం సీమెన్స్, ఒక వోల్టు కింద పారే ఒక ఆంపియర్ సామర్థ్యానికి వాట్ అని పేరు పెడదామన్నాడు. ఆవిరి యంత్రాల సామర్థ్యాన్ని గుర్రాలతో పోల్చి, నిమిషానికి 33,000 అడుగు-పౌన్ల పనిని ఒక హార్స్‌పవర్‌గా స్థిరపరచిన జేమ్స్ వాట్ పేరది. ఒక హార్స్‌పవర్ 746 వాట్లకు సమానం. మోటార్ల పలకల మీద ఈ రెండు కొలతలూ ఇంకా పక్కపక్కనే ఉన్నాయి. 1889 పారిస్ మహాసభ జౌల్‌నూ వాట్‌నూ ఆమోదించింది. ఆ ఏడాది అక్టోబరులోనే జౌల్ కన్నుమూశాడు.

ఈలోగా లెక్క వీధిలోకి వచ్చేసింది. 1878లో థామస్ ఎడిసన్ విద్యుద్దీపాల పని మొదలుపెట్టినప్పుడు అసలు చిక్కు రాగి ఖర్చు. 100 వాట్ల దీపం నిరోధం 1 ఓమ్ అయితే దానికి 10 వోల్టులు, 10 ఆంపియర్లు కావాలి. అదే 100 వాట్ల దీపం నిరోధం 100 ఓములైతే 100 వోల్టులు, 1 ఆంపియర్ చాలు. వెలుగు ఒకటే. వీధి తీగలో వృథా మాత్రం ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, రెండో దీపానికి నూరో వంతు రాగి వాడినా వృథా మొదటిదానిని మించదు. ఎక్కువ నిరోధం ఉన్న ఫిలమెంటు కోసం ఎడిసన్, ఆయన గణితజ్ఞుడు ఫ్రాన్సిస్ అప్టన్ పట్టుబట్టింది ఇందుకే. దీపాన్ని కనిపెట్టినవారు ఇంకా కొందరున్నారు. దీపం, తీగ, రాగి ధర మూడింటినీ ఒకే లెక్కలో పెట్టినది ఎడిసన్ బృందం.

ఇదే లెక్క తర్వాత దూరప్రాంతాల సరఫరాకు దారితీసింది. 0.1 ఓమ్ నిరోధమున్న తీగ మీద 10 కిలోవాట్లను 100 వోల్టుల దగ్గర పంపితే 100 ఆంపియర్లు పారి 1000 వాట్లు తీగలోనే వేడిగా పోతాయి. 1000 వోల్టుల దగ్గర పంపితే 10 ఆంపియర్లే, పోయేది 10 వాట్లే. 1891లో జర్మనీలో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్లు కరెంటు పంపి, మూడొంతులు చేరవేసి చూపించడంతో ఈ అంకగణితం మీద ఎవరికీ అనుమానం మిగల్లేదు.

న్యూయార్క్‌లో ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం 1882 సెప్టెంబరు 4న మొదలైంది. దీపాలైతే వెలిగాయి, బిల్లు ఎలా వేయాలి? ఎడిసన్ వాడినది రసాయన మీటరు. జింకు సల్ఫేటు ద్రావణంలో రెండు జింకు పలకలు. ఇంటికి పోయే ప్రవాహంలో దాదాపు వెయ్యో వంతు మాత్రమే ఆ పాత్రగుండా పోయేట్టు, మిగతాదంతా పక్కనున్న తక్కువ నిరోధపు పట్టీ గుండా పోయేట్టు సమాంతరంగా కలిపారు. ఒక ఆంపియర్ ఒక గంట పారితే ఒక పలక నుంచి 1.22 గ్రాముల జింకు కరిగి రెండో పలక మీద పేరుకుంటుంది. ఒక ఇల్లు రోజుకు 4 గంటలు 5 ఆంపియర్ల చొప్పున నెల రోజులు వాడిందంటే 600 ఆంపియర్-గంటలు. పాత్రలో పోయింది 0.6 ఆంపియర్-గంట, మారిన బరువు గ్రాములో ముప్పాతిక వంతు. కంపెనీ మనిషి నెలనెలా పలకలు తీసుకుపోయి, కడిగి, ఆరబెట్టి, సున్నితపు తక్కెడలో తూచేవాడు. చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా మీటరు పెట్టెలోనే ఒక దీపం వెలిగేట్టు ఏర్పాటుండేది.

ఈ మీటరు ఆంపియర్-గంటలనే కొలుస్తుంది, శక్తిని కాదు. వోల్టేజి ఎప్పుడూ ఒకేలా ఉందని నమ్మితేనే దాని లెక్క చెల్లుతుంది. అంతకంటే పెద్ద లోపం, వాడుకదారుకు అందులో ఏమీ కనిపించకపోవడం. పలకలు కంపెనీవి, తక్కెడ కంపెనీది, అంకె కూడా కంపెనీ చెప్పిందే.

తిరిగే మీటర్లు ఆ లోపాన్ని తీర్చాయి. 1888లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీరు ఆలివర్ షాలెన్‌బర్గర్ దిశ మార్చుకుంటూ పారే ఏసీ కరెంటుకు ఆంపియర్-గంటల మీటరు చేశాడు. 1889లో ఎలిహు థామ్సన్ మీటరు, బుడాపెస్ట్‌లో గాంజ్ కర్మాగారపు ఇంజనీరు ఓట్టో బ్లాతీ మీటరు వోల్టేజినీ ప్రవాహాన్నీ కలిపి శక్తినే కొలిచాయి. బ్లాతీ తొలి మీటరు చెక్కపీట మీద కూర్చుని 23 కిలోలు తూగేది. 1914 నాటికి బరువు 2.6 కిలోలకు తగ్గింది. అదే వంశానికి చెందిన మీటరును తెలుగు ఇళ్లలో చాలామంది చూశారు. గాజు కిటికీ వెనక అంచున నల్ల గుర్తున్న అల్యూమినియం చక్రం. సన్నతీగ చుట్ట వోల్టేజిని, లావుతీగ చుట్ట ప్రవాహాన్ని పట్టుకుంటాయి. రెండింటి ప్రభావం కలిసి చక్రాన్ని తిప్పితే, ఒక శాశ్వత అయస్కాంతం దాన్ని వేగానికి తగ్గట్టు వెనక్కి లాగుతుంది. అందువల్ల చక్రం వేగం వాట్లకు, మొత్తం చుట్లు ఖర్చయిన శక్తికి సరిపోతాయి. మోటార్లున్న ఏసీ వలయాల్లో వోల్టేజి, ప్రవాహం ఒకే అడుగులో నడవవు. ఉత్త గుణకారం అక్కడ ఎక్కువ చూపిస్తుంది. చక్రం ఆ తేడాను కూడా తనంతట తానే లెక్కలో తీసుకుంటుంది. పలక మీద 'యూనిట్‌కు 600 చుట్లు' అని రాసి ఉంటే, నిమిషానికి 10 చుట్లు తిరిగినప్పుడు ఆ ఇంటి లోడు 1 కిలోవాట్. చేతిగడియారం ఉన్నవారెవరైనా సరిచూసుకోగల లెక్క ఇది.

యూనిట్ అనే కొలత బ్రిటన్ చట్టాల నుంచి వచ్చింది. 1882 విద్యుద్దీపాల చట్టం కింద ఇచ్చిన అనుమతుల్లో, ఒక వోల్టు బలం కింద 1000 ఆంపియర్లు ఒక గంట పారితే ఖర్చయ్యే శక్తిని ఒక యూనిట్ అన్నారు. అది 36 లక్షల జౌళ్లు. వసూలు పద్ధతిని మార్చినవాడు ఇంజనీరు జాన్ హాప్కిన్సన్. వాడినా వాడకపోయినా యంత్రాలు, తీగలు సిద్ధంగా ఉంచడానికి ఖర్చు తప్పదు కాబట్టి, యూనిట్ల ధరతో పాటు గరిష్ఠ లోడును బట్టి స్థిరమైన మొత్తం కూడా తీసుకోవాలని 1892లో వాదించాడు. ఇవాళ కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు, ఫిక్స్‌డ్ చార్జీలు ఉండటం వెనక ఉన్నది ఆ వాదనే.

భారతదేశంలో డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్ జలవిద్యుత్ కేంద్రం 1897లో, కలకత్తా కంపెనీ సరఫరా 1899లో మొదలయ్యాయి. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లోని కోలార్ బంగారు గనులకు 30,000 వోల్టుల దగ్గర సుమారు 147 కిలోమీటర్లు కరెంటు పంపారు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గు విద్యుత్ కేంద్రం 1920లో వచ్చింది. ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1910 నాటి భారత విద్యుత్ చట్టం 26వ సెక్షన్, వాడకాన్ని సరైన మీటరుతోనే తేల్చాలని, మీటరు మీద తగాదా వస్తే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ తీర్పు చెప్పాలని నిర్దేశించింది. కొలతను కంపెనీ గుప్పిట్లోంచి తీసి మూడో మనిషి ముందు పెట్టిన మంచి నిబంధన అది. 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ కూడా సరైన మీటరు ద్వారానే సరఫరా జరగాలంటుంది.

తెలుగు నేల మీద ఈ లెక్క ఎక్కువగా నలిగింది పొలాల్లో. 1980ల ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ పంపుసెట్లకు మీటరు రీడింగు పోయి, మోటారు హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికింత అనే పద్ధతి వచ్చింది. 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల పెంపుకు వ్యతిరేకంగా హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ఆందోళనపై పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ధర విషయం ఎలా ఉన్నా, మీటరు లేకపోతే శక్తి లెక్క అంచనాగా మారుతుంది. 5 హార్స్‌పవర్ మోటారు అంటే ఇరుసు దగ్గర 3.73 కిలోవాట్లు. మోటారు దక్షత 80 శాతమైతే లైను నుంచి తీసుకునేది 4.66 కిలోవాట్లు. ఏడు గంటలు నడిస్తే 32 యూనిట్లు దాటతాయి. దక్షత ఎంత, నిజంగా ఎన్ని గంటలు నడిచింది, పలక మీద రాసినదే అసలు హార్స్‌పవరా అన్నవి మారితే మొత్తం మారుతుంది. లక్షల పంపుసెట్ల మీద ఆ తేడా పెద్దది. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ నమూనాతో మిగతావాటిని లెక్కగట్టే పద్ధతి అందువల్లే వచ్చింది.

చక్రాల మీటర్ల స్థానంలో ఇప్పుడు ఎలక్ట్రానిక్ మీటర్లున్నాయి. చాలావాటిలో ప్రవాహాన్ని కొలిచేది ఓములో కొన్ని పదివేల వంతుల నిరోధమున్న లోహపు పట్టీ. దాని నిరోధం 0.0002 ఓమ్ అనుకుంటే, 10 ఆంపియర్లు పారినప్పుడు పట్టీ కొనల మధ్య 2 మిల్లీవోల్టులు వస్తాయి. పట్టీలో వృథా 0.02 వాట్లే. వోల్టేజిని శ్రేణిలో కలిపిన నిరోధాలు చిన్న భాగంగా చేసి చిప్‌కు అందిస్తాయి. చిప్ రెండింటినీ సెకనుకు వేలసార్లు గుణించి కూడుతూ పోతుంది. మీటరు మీద ఎర్రదీపం పక్కన 3200 అని ఉంటే, యూనిట్‌కు 3200 మినుకులని అర్థం. ఒక్కో మినుకు 1125 జౌళ్లు. ఇంట్లో మిగతావన్నీ ఆపి 1500 వాట్ల రాడ్డు ఒక్కటే వేస్తే, 230 వోల్టుల దగ్గర నిమిషానికి 80 మినుకులు రావాలి. లైనులో వోల్టేజి 210కి పడిపోతే అదే రాడ్డు, 210 వర్గాన్ని 35.3 ఓములతో భాగించగా వచ్చే 1250 వాట్లే తీసుకుంటుంది. అప్పుడు మినుకులు 67. కాబట్టి అంకె తగ్గినా పెరిగినా మీటరును అనుమానించే ముందు ఆ సమయానికి లైనులో ఎన్ని వోల్టులున్నాయో చూడాలి. వోల్టేజి సరిగా ఉండి, రాడ్డు కొత్తదై, అయినా మినుకులు 80 కంటే బాగా ఎక్కువైతే మీటరు పరీక్షకు దరఖాస్తు పెట్టవచ్చు.